స్పాంజి కింద పడేస్తే ఏమిటర్థం?

మూడో అంతస్తు గది,
విమానానికి ఇంకా నాలుగు నెలలు.

వదినా,

ఇంటికొచ్చే టికెట్ వచ్చేసింది! ముందు ఆ మాట రాసేసి తర్వాత క్షేమసమాచారాలు రాస్తాను. నేను క్షేమం. మీరూ క్షేమమే అయ్యుంటారు, లేకపోతే ఈపాటికి అన్నయ్య ఫోన్‌లో మూడుసార్లు చెప్పి ఉండేవాడు.

విమానం గురువారం ఉదయం ఆరూ నలభైకి. ఇక్కడే వచ్చింది చిక్కు. నేనుండే ఊరికీ విమానాశ్రయానికీ అయిదు గంటల దారి. అంత పొద్దున్నే అందుకోవాలంటే ముందు రోజు రాత్రి దారిలోనో, అక్కడే దగ్గర్లోనో గడపాలి. లైబ్రరీలో గొట్టం పగిలి తడిసిపోయిన తొమ్మిదివేల పుస్తకాలు తెచ్చి మా చేతుల్లో పెట్టినప్పుడు కూడా పుస్తకాలు బాగుచేసే మా వర్క్‌షాపులో ఇంత గొడవ జరగలేదు. నా ఒక్క రాత్రి గురించి ఇప్పుడు అందరూ కొట్టుకుచస్తున్నారు.

ఆఫీసు వాళ్ళేమో విమానాశ్రయం ఎదురుగా ఉన్న హోటల్లో గది ఇప్పిస్తామన్నారు. పదకొండో అంతస్తట. స్నానాల తొట్టి ఉందట. గది అద్దెకిచ్చిన మా ఇంటావిడ, అదే, నాకు అత్తగారు లేని లోటు తీరుస్తోందని రాశానే, ఆవిడ, "హోటలేంటి, నా అనేవాళ్ళు లేనట్టు? విమానాశ్రయం పక్క వీధిలోనే మా చెల్లెలుంది, అక్కడ పడుకో" అని పట్టుబట్టింది. ఆ చెల్లెలికి నాలుగు చిలకలున్నాయట. తెల్లారకముందే అవే లేపుతాయట, అలారం కూడా అక్కర్లేదట. జిగురు కలిపే అమ్మాయి "ఎక్కడా వద్దు మేడం, విమానాశ్రయంలోనే కుర్చీల మీద పడుకోండి, భలే ఉంటుంది" అంది. దానికి ఇరవై మూడేళ్ళు. నడుమనేది ఒకటుందని దానికింకా తెలీదు.

ఇక మా ఆరబెట్టే మాస్టారు. తడి కాగితాలను తీగల మీద వేలాడదీసి ఆరబెట్టే హాలుకి ఆయనే పెద్ద. మన భాషవాడే, ఇరవై రెండేళ్ళ క్రితం ఈ దేశం వచ్చి ఉండిపోయాడు. అందరూ చెప్పడం అయ్యాక నిదానంగా కళ్ళజోడు తుడుచుకుని, "ఆఖరి రాత్రి నిద్రపోతే ఇంకేం మిగులుతుంది? సాయంత్రం బయల్దేరదాం. నేను వ్యాను నడుపుతాను. దారిలో మూడుచోట్ల ఆగి టీ తాగుదాం" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం ఏడాదిలో అదే మొదటిసారి అని అందరూ నోరు వెళ్ళబెట్టారు.

నిజం చెప్పనా? నాకు హోటలే కావాలని ఉంది. నవ్వకు. చిన్నప్పుడు హాల్లో అందరి మధ్యా పడుకున్నాను. తర్వాత పదకొండేళ్ళు అమ్మ మంచం పక్కన. అమ్మ పోయాక మీ పిల్లల పక్కన. ఇక్కడ ఇంటావిడ తలుపు తట్టకుండానే వస్తుంది. నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి, లోపల గడియ పెట్టుకుని ఒక్క రాత్రి కూడా పడుకోలేదు వదినా.

ఏది మంచిదో నువ్వే తేల్చు. ఫోన్‌లో మాత్రం వద్దు. అన్నయ్య స్పీకరు పెట్టి వింటాడు.

నీ మరదలు

---

బస్టాండు, అనౌన్స్‌మెంటు గది,
రెండు బస్సుల మధ్య ఖాళీలో.

ఏమే మరదలు పిల్లా,

హోటలు! హోటలు! హోటలు! ఇందులో ఆలోచించడానికేముంది?

నీ ఉత్తరం మైకు ముందే కూర్చుని పైకి చదువుకున్నాను. మైకు ఆపానో లేదో చూసుకోలేదు. "లోపల గడియ పెట్టుకుని ఒక్క రాత్రి కూడా పడుకోలేదు" అన్న ముక్క నాలుగో ప్లాట్‌ఫారం దాకా వినబడిందట. ఒక కండక్టరు పరిగెత్తుకొచ్చి, "ఎవరండీ ఆవిడ, పాపం" అని అడిగాడు. డిపో మేనేజరు సంజాయిషీ అడిగాడు. ఇస్తాలే.

తొట్టి నిండా నీళ్ళు పెట్టుకుని వేళ్ళు ముడతలు పడేదాకా కూర్చో. తువ్వాళ్ళు ఎన్నిస్తారో లెక్కపెట్టి రాయి. మంచం మధ్యలో అడ్డంగా పడుకో. ఇరవై ఏడేళ్ళుగా నేను మంచం అంచున పడుకుంటున్నాను, మిగతాది మీ అన్నయ్యా ఆయన గురకా పంచుకుంటున్నారు. నా వంతు కూడా నువ్వే పడుకుని రా.

మీ అన్నయ్య సంగతి. రిటైరైనా సర్వేయరు సర్వేయరే. నీ గదికి రంగులు వేయించడానికి టేపు పట్టుకుని గోడలు కొలిచాడు. అవే గోడలు, అదే ఇల్లు, పాతికేళ్ళ క్రితం కొలిచినవే. "పెరిగి ఉంటాయేమోనని చూస్తున్నారా?" అంటే టేపు ఇంకో గోడకి జరిపాడు. కాలనీలో కనబడ్డవాళ్ళందరికీ "మా చెల్లి వచ్చేస్తోంది, ఇక ఇక్కడే ఉంటుంది" అని చెబుతున్నాడు.

ఇంకొక్క మాట. ఇంటావిడకి నాలుగు వాక్యాలు, జిగురమ్మాయికి మూడు. ఆ ఆరబెట్టే మాస్టారుకి ఎనిమిది. ఊరికే చెబుతున్నా.

మండుతున్న కడుపుతో,
నీ వదిన

---

కుట్టు బల్ల దగ్గర నుంచి,
విమానానికి మూడు నెలలు.

వదినా,

వాక్యాలు లెక్కపెట్టడం అన్నయ్య దగ్గర నేర్చుకున్నావా? నేను పనిచేసే బల్లకి ఎదురుగా ఉండేది ఆయనొక్కడే. రాస్తే ఆయన గురించి రాయాలి, లేకపోతే ఫ్యాన్ల గురించి రాయాలి.

అయినా నువ్వు చూస్తే నీకూ నవ్వొస్తుంది. కాగితాలతో మాట్లాడతాడు. ఒక్కో పేజీని క్లిప్పుకి తగిలిస్తూ, "తొందరేం లేదు, నిదానంగా ఆరండి" అంటాడు. పిల్లల బొమ్మల పుస్తకాలకి "నువ్వు", న్యాయశాస్త్రం పుస్తకాలకి "మీరు". రెండు కాళ్ళకీ రెండు రంగుల మేజోళ్ళు. అదేమిటని అడిగితే, "భార్య పోయాక పదేళ్ళుగా ఎవరూ అడగలేదు, మీరే మొదటివారు" అన్నాడు. ఆ మర్నాడు నుంచి ఒకే రంగు వేసుకొస్తున్నాడు. ఇందులో విశేషమేమీ లేదు. చెప్పాలనిపించి చెప్పానంతే.

హోటలు ఖాయమైంది. ఒక ఫారం ఇచ్చారు. దిండు మెత్తగా కావాలా, గట్టిగా కావాలా అని అందులో ప్రశ్న. జీవితంలో ఎవరైనా నన్నా మాట అడిగారా? పావుగంట ఆలోచించి రెండూ కావాలని రాశాను. ఇంటావిడ మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు వచ్చి, "హోటలు వాళ్ళు పొద్దున్నే లేపకపోతే ఏం చేస్తావ్? చిలకలైతే నమ్మకం" అని మళ్ళీ మొదలుపెట్టింది. తలుపు తట్టకుండానే.

నీ మరదలు

---

మూడో అంతస్తు గది,
రెండు నెలలా పది రోజులు.

వదినా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఇక్కడ అంతా మామూలే. వాతావరణం బాగుంది. పని బాగా సాగుతోంది. ఆరువేల పుస్తకాలు అయిపోయాయి. ఆరోగ్యం బాగుంది. అన్నయ్య మోకాలు ఎలా ఉంది? పిల్లలు ఉత్తరాలు రాస్తున్నారా?

నీ మరదలు

---

వంటింటి బల్ల,
అందరూ బయటికి వెళ్ళాక.

ఏమే,

"వాతావరణం బాగుంది." ఈ మాట రాయడానికి స్టాంపు అంటించావా నువ్వు?

నేను బస్టాండులో పంతొమ్మిదేళ్ళు గొంతు అమ్ముకున్నదాన్ని. ఏ బస్సు ఆలస్యమో డ్రైవరు నడక చూసి చెప్పగలను. ఆరబెట్టే మాస్టారు ఈ ఉత్తరంలో ఒక్క వాక్యంలో కూడా లేడు. ఏమయ్యాడు? ఆయన కూడా ఆరిపోయాడా?

ఇక్కడ విశేషాలేమీ లేవు. మీ అన్నయ్య కొంచెం పరధ్యానంగా ఉన్నాడు. టేపు చేత్తో పట్టుకుని ఏమీ కొలవకుండా గంటసేపు కూర్చుంటున్నాడు. రంగులవాడిని ఒక గోడ వేశాక ఆపమన్నాడు. ఎందుకంటే, "చూద్దాం" అన్నాడు. మోకాలు బాగానే ఉంది.

ఆ మాస్టారు టీలో చక్కెర ఎంత వేసుకుంటాడు? మనిషి గురక పెట్టే రకమా? సొంత ఇల్లా, అద్దె ఇల్లా? ఊరికే అడుగుతున్నాను. నాకేం పని.

నీ వదిన

---

ఆరబెట్టే హాలు వెనక మెట్ల మీద,
నెలా వారం.

వదినా, వదినా, వదినా,

ఇక నావల్ల కాదు. చెప్పేస్తున్నాను. కూర్చునే చదువు. మైకు దగ్గర మాత్రం చదవకు.

అయిదు వారాల క్రితం శుక్రవారం. పెద్ద అట్లాసు పేజీలు తీస్తున్నాం. నేను స్పాంజితో తడి అద్దుతున్నాను, ఆయన అవతలి కొస పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా ఒక సముద్రం బొమ్మ. కళ్ళజోడు తుడుచుకుందామని చూశాడు, చేతులు ఖాళీ లేవు. అలాగే అన్నాడు:

"ఆ రాత్రి మీరు హోటలుకి వెళ్ళొద్దు. మా ఇంట్లో ఉండండి."

నాకు చెవులు మూసుకుపోయాయి. ఆయన ముఖం కూడా ఎర్రబడింది. "అయ్యయ్యో, అది కాదు! ఆ ఒక్క రాత్రే అని కాదు నా ఉద్దేశం. అన్ని రాత్రులూ అని. పగళ్ళు కూడా. పెళ్ళి చేసుకుని అని. ఆ మాట ముందనాల్సింది" అన్నాడు.

దానికి నేనేమన్నానో తెలుసా? "మరి పొద్దున్న విమానం?" అన్నాను. ఆయన పాపం నిజంగానే ఆలోచించి, "ఆ సంగతి చూసుకోలేదు" అన్నాడు. అంతే, నా చేతిలో స్పాంజి కింద పడింది. సముద్రాన్ని ఆయన చేతుల్లో వదిలేసి మెట్లెక్కి పారిపోయాను.

అప్పటినుంచీ జవాబు చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. రోజూ నా బల్ల మీద టీ మాత్రం పెట్టి వెళుతున్నాడు (చక్కెర ఒక చెంచా, ఇల్లు సొంతం, గురక సంగతి నాకెలా తెలుస్తుంది, సిగ్గులేనిదానా!). ఒక వారం రోజులుగా ఈల కూడా వేస్తున్నాడు. జవాబు చెప్పని మనిషి ఎదురుగా ఈల ఎలా వస్తుందో నాకర్థం కావడంలేదు.

వదినా, నాకు కాళ్ళు నేలమీద ఆనడం లేదు. నిన్న ఒక పుస్తకానికి అట్ట తలకిందులుగా కుట్టాను. ముప్ఫై ఏళ్ళ బైండింగులో ఎప్పుడూ జరగలేదు. కానీ భయం కూడా వేస్తోంది. అన్నయ్య గది సిద్ధం చేస్తున్నాడు. ఈ వయసులో ఏమిటిదని నలుగురూ నవ్వుతారు. ఆ రెండూ పెద్ద భయాలు కావనుకో. అసలు భయం వేరే. ఇన్నాళ్ళకి నాకంటూ ఒక్క రాత్రి దొరికింది. దాన్ని చూడకముందే, అన్ని రాత్రులూ తనకిమ్మని ఒక మంచి మనిషి అడుగుతున్నాడు. ఇవ్వాలని ఉంది. ఇవ్వకూడదని కూడా ఉంది.

అన్నయ్యకి చెప్పకు. ఒట్టు.

నీ మరదలు

---

వంటింటి బల్ల,
తలుపు వేసుకుని.

నా బంగారు మరదలా,

చెప్పకుండా ఎలా ఉంటాను? నాకంటే ముందే ఆయనకి తెలుసు!

నెల దాటింది. మీ అన్నయ్య పేరు మీద ఒక కవరు వచ్చింది. విప్పి చదివి, కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ చదివి, పదకొండోసారి చదివాక నాకిచ్చాడు. నీకు చెప్పనని నాచేత మాట తీసుకున్నాడు. ఇప్పుడు నువ్వే చెప్పావు కాబట్టి ఆ మాట చెల్లిపోయింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, విను:

"ఆర్యా, మీ వదినగారి ఉత్తరం కవరు వెనక ఉన్న చిరునామా చూసి రాస్తున్నందుకు క్షమించండి. (మీ చెల్లెలిగారి వదినగారి ఉత్తరం అని రాయాల్సింది, మళ్ళీ రాస్తే తప్పులు ఎక్కువవుతాయని వదిలేశాను.) మీ చెల్లెలిగారిని పెళ్ళి చేసుకోవాలని నా కోరిక. ఆ మాట ఆవిడతో అన్నాను. ఆవిడ స్పాంజి కింద పడేసి వెళ్ళిపోయారు. అది అవునో కాదో నాకు తెలియలేదు. మీకు ఆవిడ పుట్టినప్పటి నుంచీ తెలుసు. స్పాంజి కింద పడేస్తే ఏమిటర్థమో దయచేసి తెలియజేయగలరు."

మీ అన్నయ్య నాలుగురోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేను కోపమేమో అనుకున్నాను. అయిదోరోజు పొద్దున్నే కూర్చుని జవాబు రాశాడు. చదివి వినిపించాడు కూడా:

"అయ్యా, మా చెల్లెలికి నచ్చని వస్తువిస్తే థాంక్స్ చెప్పి జాగ్రత్తగా వెనక్కి ఇచ్చేస్తుంది. కింద పడేయదు. దాని చేతిలోంచి ఏదైనా జారిపడటం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. మిగతాది మీరే ఊహించుకోండి. తొందరపెట్టకండి."

ఈల ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

గది గురించి దిగులు పెట్టుకోకు. నువ్వు రాకపోతే ఆ గది నేను తీసుకుంటానని మీ అన్నయ్యకి చెప్పేశాను. "ఎందుకు?" అన్నాడు. "మంచానికి అడ్డంగా పడుకోవడానికి" అన్నాను. పాపం, ఎంత అడ్డమో అడిగి కొలత రాసుకున్నాడు.

నవ్వేవాళ్ళ సంగతి మైకులో నేను చూసుకుంటాను.

ఇక నీ అసలు భయం. దానికి జవాబు నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ హోటలు గది ఎవరికోసమూ వదులుకోకు. ఆయన కోసమైనా, మా కోసమైనా. ముందు వెళ్ళి గడియ పెట్టుకో. లోపల నీకేమనిపిస్తుందో చూసుకో. ఆ తర్వాత ఏం చెప్పినా అది నీ మాటే అవుతుంది.

తువ్వాళ్ళు లెక్కపెట్టడం మరిచిపోకు.

నీ వదిన

---

హోటలు, పదకొండో అంతస్తు,
బుధవారం సాయంత్రం.

వదినా,

ఈ ఉత్తరం కంటే నేనే ముందొస్తాను. అయినా రాస్తున్నాను. చేతికిస్తాను, వంటింట్లోకి వెళ్ళి చదువుకో. నోటితో చెబితే అన్నయ్య మధ్యమధ్యలో ప్రశ్నలు వేస్తాడు.

తువ్వాళ్ళు ఏడు! ఒక్క మనిషికి! ముఖానికొకటి, కాళ్ళకింద ఒకటి, మిగతావి ఎందుకో తెలీలేదు, అన్నీ వాడేశాను.

మాస్టారే వ్యానులో దింపాడు. ఇంటావిడ కూడా ఎక్కింది, చెల్లెల్ని చూడాలని వంక పెట్టి. అయిదు గంటల దారిలో ఆవిడ నాలుగు గంటలు మాట్లాడింది, ఒక గంట నిద్రపోయింది. ఆ గంటలో నేను మాస్టారుతో, "ఈ రాత్రి నేనొక్కదాన్నే ఉండాలి. జవాబు పొద్దున్న చెబుతాను" అన్నాను. "అలాగే. మీ అన్నయ్యగారు తొందరపెట్టొద్దన్నారు" అన్నాడు. నేను ఎందుకు నవ్వుతున్నానో ఆయనకి తెలీలేదు. ఆ ఉత్తరాల సంగతి నాకు ముందే తెలుసని ఆయనకి తెలీదు కదా! హోటలు గుమ్మం దగ్గర పెట్టె దింపి, చిలకల చెల్లెలింట్లో పడుకోవడానికి ఇంటావిడ వెంట వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి చూసి చెత్తకుండీకి గుద్దుకున్నాడు.

తలుపు వేశాను. గడియ పెట్టాను. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.

తర్వాత ఏం చేశానో రాస్తే నువ్వు నమ్మవు. మంచం మీద ఎగిరాను. నలభై తొమ్మిదేళ్ళదాన్ని, మూడుసార్లు. తొట్టిలో సబ్బునీళ్ళు ఎంత పోయాలో తెలీక సీసా అంతా పోశాను. నురగ నా గడ్డం దాకా వచ్చింది. గొంతెత్తి పాడాను. పక్కగదివాళ్ళు గోడ తట్టారు. ఇంకా పెద్దగా పాడాను. స్నానం తర్వాత వేసుకోమని హోటలువాళ్ళు పెట్టిన తెల్లకోటు వేసుకుని కిటికీ దగ్గర నిలబడి ఎగిరే విమానాలన్నిటికీ చెయ్యూపాను. మంచానికి అడ్డంగా పడుకున్నాను. నీ వంతు అరగంట విడిగా పడుకున్నాను.

ఇందుకోసమా ఇన్నేళ్ళు ఆగింది? అవును, ఇందుకే. నాకేం బాధగా లేదు.

ఒంటరిగా ఉంటే ఆయన గుర్తొచ్చి ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. ఒంటరిగా ఉండటం నాకు చాలా నచ్చింది వదినా. ఆయనా నచ్చాడు. రెంటిలో ఒకటే ఎంచుకోవాలని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నాకు నేనే అనుకుని రెండు నెలలకు పైగా కొట్టుకున్నాను.

నిద్రొస్తోంది. ఇంకా తొమ్మిది కూడా కాలేదు. దిండు రెండిట్లో మెత్తదే బాగుంది.

---

విమానాశ్రయం, గేటు దగ్గర కుర్చీ,
గురువారం ఉదయం.

వదినా, ఇది అదే ఉత్తరం, రెండో సగం.

వరసలో నిలబడేసరికి ఇద్దరూ వచ్చేశారు. మాస్టారు రాత్రంతా కన్ను మూయలేదట. "నాలుగు చిలకలూ వంతులవారీగా అరిచాయి" అన్నాడు. చొక్కా మీద పచ్చటి ఈక. "అందుకేగా టైముకి వచ్చాం" అని ఇంటావిడ ఒకటే గర్వం.

ఆయన నా ముందుకొచ్చి కళ్ళజోడు తీశాడు. తుడవడానికి గుడ్డ దొరక్క మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ అన్నయ్యగారు నాకొక ఉత్తరం రాశారు," అన్నాడు.

"తెలుసు. అందులో సగమే నిజం. నేను స్పాంజి పడేయలేదు, అదే జారింది."

ముఖం పాలిపోయింది పాపం. "అంటే?"

"అంటే చేతులు వణికాయి" అన్నాను.

వెనక వరసలో ఎవరో పెట్టె ముందుకు జరిపి నా మడమకి కొట్టారు. నేను కదల్లేదు.

"ఒక్క షరతు. వారంలో ఒకరోజు నాతో ఎవరూ మాట్లాడకూడదు. మీరైనా సరే. ఆ రోజు రాత్రి నా గది నాదే."

ఆయన కాదనలేదు, ఎందుకని అడగలేదు. "ఏ రోజు?" అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడానికి సిద్ధమయ్యాడు.

"బుధవారం."

"బుధవారం," అని రాసుకున్నాడు. "నేను ఆ రోజు హాల్లో కాగితాల దగ్గర పడుకుంటాను. అవి గురక పెట్టవు."

"మీరు పెడతారా?"

"పదేళ్ళుగా చెప్పేవాళ్ళు లేరు," అన్నాడు.

అప్పుడన్నాను వదినా, "అవును" అని. అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు. వరస మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఇంటావిడ "నేనప్పుడే అనుకున్నాను" అని ఏడుపు మొదలుపెట్టింది. ఆయన నా చెయ్యి పట్టుకుందామని ముందుకొచ్చి, పొరపాటున నా పాస్‌పోర్టు పట్టుకున్నాడు. పట్టుకుని వదలడు!

కాగితాలు చూసే ఆఫీసరు అద్దం వెనకనుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. చివరికి విసుగొచ్చి, "మేడం, ఇంతకీ మీరు వెళ్తున్నారా, ఉంటున్నారా?" అని అడిగాడు.

పాస్‌పోర్టు లాక్కుని ఆఫీసరు ముందు పెట్టాను. ఇటు తిరిగి మాస్టారుతో "వెళ్ళొస్తాను" అన్నాను. గుమ్మం దాటిన ప్రతిసారీ మనం అనే మాటే. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని వేలసార్లు అన్నానో. ఇవాళ మొదటిసారి, ఆ మాటలో "వస్తాను" అన్న సగం కూడా నాకు వినబడింది.

పిలుస్తున్నారు. లేస్తున్నాను.

నీ మరదలు